జూపిటర్ ఎడమ అంచు

చిట్టికి యాభై రెండేళ్లు. ఆ పేరు పెట్టి పిలిచే మనిషి ఇక ఒక్కడే మిగిలాడు, అన్నయ్య. కళ్లజోళ్ల దుకాణంలో ఆమెది వెనకగది పని. ముందుగదిలో కొలతలు రాసి పంపిస్తే, అద్దాన్ని ఫ్రేము ఆకారానికి సానపట్టి, దాని నడిమి బిందువు సరిగ్గా కంటిపాపకు ఎదురుగా వచ్చేలా కూర్చోబెట్టాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్లకు సాయంత్రానికి తలనొప్పి పట్టుకుంటుంది. ఇరవై ఏడేళ్లలో ఆమె బిగించిన జోళ్లు నాలుగంటే నాలుగే వెనక్కి వచ్చాయి. అందులో రెండింటి మీద వాటి యజమానులే కూర్చున్నారు.

అన్నయ్య సర్వే ఆఫీసులో నక్షాలు గీసేవాడు. ముప్పై ఒక్క ఏళ్లు బల్ల మీద వంగి నదులు, కాలువలు, గట్లు గీశాడు. చివర్లో గీత వంకరపోవడం మొదలైంది. పై అధికారి మర్యాదస్తుడు, పల్లెత్తు మాట అనలేదు. అన్నయ్యే ఒకరోజు తన నక్షాను తాను భూతద్దంతో సరిచూసుకుని, నదిని గట్టు దాటించేశానని గమనించి, గడువుకు ముందే ఉద్యోగం మానుకున్నాడు. "నా సర్వీసులో నేను తెప్పించిన వరద ఇదొక్కటే" అని ఇంటికొచ్చి నవ్వాడు. వదిన పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. కాపురం పొసగక ఎప్పుడో తిరిగి వచ్చేసిన చిట్టీ, అతనూ, రెండు గదులూ ఒక వంటిల్లూ. అదీ వాళ్ల సంసారం.

ఆ వేసవిలో అతన్ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పరీక్షలన్నీ అయ్యాక, కంట్లో మందు చుక్కలతో అన్నయ్య బయట బెంచీ మీద కూర్చుంటే, డాక్టరు ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. కంటి వెనక పొర నడిమి భాగం అరిగిపోతోందన్నాడు. కుడి కన్ను ఇప్పటికే పోయినట్టు లెక్క, ఎడమది ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. మందు లేదు, ఆపరేషను లేదు. పూర్తి చీకటి కాదని, చుట్టూ కనబడుతూనే ఉంటుందని, మధ్యలో మాత్రం ఏమీ కనబడదని వివరించాడు. "అంటే దేన్ని చూడాలని కన్ను తిప్పితే అదే కనబడదమ్మా. ఆయనకు చూడాలనుకున్నవేమైనా ఉంటే ఈలోగా చూసెయ్యమనండి" అన్నాడు.

ఆమె బయటికి వచ్చేసరికి అన్నయ్య గడ్డం పైకెత్తి, కళ్లు మూసుకుని, చెంపల మీదికి కారిన మందును జేబురుమాలుతో అద్దుకుంటున్నాడు. అడుగుల చప్పుడుకే పోల్చుకుని ఏమన్నాడని అడిగాడు. గదిలోంచి బెంచీ దాకా పన్నెండడుగులు కూడా ఉండవు. ఆ పన్నెండడుగుల్లో ఆమె ఏమీ ఆలోచించుకోలేదు. మాట దానంతటదే వచ్చింది.

"కుడి కన్ను కష్టమేనట. ఎడమ కంటికి భయం లేదట అన్నయ్యా. ఇలాగే నిలబడుతుందట."

"ఒక కన్ను చాలు. కెమెరా రెండు కళ్లతో చూడనిచ్చేదేంటి?" అని అన్నయ్య లేచి ఆమె భుజం పట్టుకున్నాడు. మెట్లు దిగుతుంటే అతని చెయ్యి తేలికపడడం ఆమెకు తెలిసింది. నెమ్మది మీద చెప్పవచ్చులే అనుకుంది.

అన్నయ్యకు ఉన్న వ్యసనమల్లా పాత రష్యా కెమెరాలు. చూపుడు కిటికీలో రెండుగా కనిపించే బొమ్మను ఒకటిగా కలిపితే దూరం సరిపోయే రకం, ఫిల్ము కెమెరాలు. వాటికి లెన్సు విప్పి లెన్సు మార్చుకోవచ్చు. మామూలు చూపుకు దగ్గరగా ఉండే, యాభై మిల్లీమీటర్లూ ఆ పైన కాస్తా ఉండే లెన్సులు అతని దగ్గర మూడున్నాయి. ఇండస్టార్-50 అన్నింటికంటే చిన్నది, అరచేతిలో ఇమిడిపోతుంది, వెలుతురు తక్కువైతే మొరాయిస్తుంది. ఇండస్టార్-61 దానికంటే కాస్త బరువు, గీతలు గీసినట్టు బొమ్మ ఇస్తుంది. మూడోది జూపిటర్-8. మసక గదిలో కూడా పనిచేస్తుంది, ముఖాల మీద వెలుగు మెత్తగా పడినట్టు చూపిస్తుంది. మొదటి ఏడాది జీతంలోంచి మిగిల్చి కొన్నది అదే. వదిన ఫొటోలన్నీ దానితో తీసినవే.

"ఇండస్టార్లు రెండూ గుమాస్తాలే చిట్టీ. ఉన్నది ఉన్నట్టు రాసేస్తాయి. జూపిటర్‌కు మనిషంటే కాస్త జాలి ఉంది" అనేవాడు.

దీని మీద అతనికీ అతని స్నేహితుడు ప్రెస్సాయనకూ ఇరవై ఏళ్ల తగాదా. ప్రెస్సాయన అచ్చాఫీసులో పుటల ఫిల్ములు తీసే పెద్ద కెమెరా మీద పనిచేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఫొటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జరు పెట్టుకున్నాడు. ఆయన ఇండస్టార్-61 పక్షం. జాలి చూపించడానికి లెన్సెందుకయ్యా, చుట్టాలున్నారుగా అని వెక్కిరించేవాడు. ఇద్దరూ టీ తాగుతూ గంటలకొద్దీ వాదించుకుని, ఏదీ తేలక, మళ్లీ వారానికి వాయిదా వేసుకునేవాళ్లు.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన వారానికే అన్నయ్య ఆ తగాదా తేల్చేస్తానని కూర్చున్నాడు. మూడు లెన్సులనూ ఒకే కెమెరా మీద, ఒకే స్టాండు మీద, ఒకే ఫిల్ముతో పరీక్షించి, ఫలితాలు చిన్న పుస్తకంగా రాయాలి. ప్రెస్సాయన ఓ యాభై కాపీలు వేయించి ఈ పిచ్చి ఉన్నవాళ్లకు పంచాలి. ఎడమ కన్ను నిలబడుతుందంటే అంతకంటే ఏం కావాలన్నాడు. అంతకుముందు అతనికి వేరే ఆలోచన ఉండేది. తాను పాతికేళ్లు నక్షాల్లో గీసిన నది సముద్రంలో కలిసే చోటును ఒక్కసారైనా కళ్లారా చూడాలని. ఆ మాట అతనే ఎత్తి, అతనే పక్కన పెట్టాడు. వచ్చే ఏడు వెళ్దాం, ముందు ఇది పూర్తవనీ అన్నాడు. చిట్టి ఉల్లిపాయ తరుగుతూ అలాగేలే అంది.

పరీక్ష అంటే మాటలు కాదు. ఒక చెక్క పలక మీద వార్తాపత్రిక పుటలు ముడతల్లేకుండా అంటించాడు. దాన్ని డాబా మీద గోడకు ఆనించి, ఎదురుగా స్టాండు. చూపుడు కిటికీలో రెండు బొమ్మలు కలిశాయో లేదో అతనికి తెలియడం లేదు కాబట్టి టేపుతో దూరం కొలవాలి. టేపు ఒక చివర చిట్టి పట్టుకునేది. వెలుతురు మీటరులో ముల్లు ఎక్కడుందో ఆమే చదివేది. లెన్సులోకి వెలుతురు వచ్చే రంధ్రాన్ని కొంచెం కొంచెంగా మూస్తూ ఒక్కో లెన్సుకు పన్నెండు ఫొటోలు, మూడు లెన్సులకు కలిపి ఒక ఫిల్ము. మధ్యలో మబ్బు అడ్డమొస్తే అన్నయ్య ఒప్పుకునేవాడు కాదు. మొదటి ఫిల్ము మబ్బుల వల్ల పోయింది. రెండోదాన్ని స్నానాల గదిలో కడుగుతుంటే నీళ్ల వేడి ఎక్కువై పోయింది. మూడోది కుదిరేసరికి వేసవి వెళ్లి, వానలు వెళ్లి, చలి వచ్చింది.

ఈలోగా అతను కుర్చీలను తడుముకోవడం ఎక్కువైంది. అక్షరాలు మధ్యలో కొరికేసినట్టు ఉన్నాయని ఒకసారి అన్నాడు. కళ్లు అలిసిపోయాయి, నాలుగు రోజులు పేపరు ముట్టుకోకు అని చెప్పింది చిట్టి. అతను నమ్మి నాలుగు రోజులూ ముట్టుకోలేదు. అయిదో రోజు కొంచెం నయమేనన్నాడు. ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లి ఊరికే నిలబడింది.

ఫిల్ము ఆరాక దాన్ని చదవాల్సింది ఆమే. దుకాణం నుంచి తెచ్చుకున్న భూతద్దం కంటికి ఆనించి, కిటికీ వెలుతురులో ఒక్కో ఫొటో చూస్తూ, పుట నడుమ ఎంత చిన్న అక్షరం తెలుస్తోందో, అంచుల్లో ఎంతో పైకి చెప్పాలి. అన్నయ్య లావుపాటి కలంతో, వేలెడంత అక్షరాలతో రాసుకుంటాడు. ఇండస్టార్-50 మామూలుగా ఉంది, వెలుతురు రంధ్రం కొంచెం మూశాక బాగుపడింది. ఇండస్టార్-61 మొదటినుంచీ చివరిదాకా నిక్కచ్చిగా ఉంది. ఆ రెండింటివీ ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. జూపిటర్ వంతు వచ్చింది.

మొదటి ఫొటో చూడగానే ఆమెకు అర్థమైపోయింది. ఫొటో అంతా పాలు కలిపిన నీళ్లలా ఉంది. కుడి అంచు పరవాలేదు. ఎడమ అంచున అక్షరాలు ఒకదానిలోకి ఒకటి జారిపోయాయి. రంధ్రం ఎంత మూసినా, పన్నెండో ఫొటో దాకా, ఎడమ పక్క అలాగే ఉంది. ఇది లెన్సుకు పుట్టుకతో వచ్చిన లోపం కాదు. లోపలి అద్దాల్లో ఒకటి వంకరగా కూర్చుంది. ఇరవై ఏడేళ్లుగా అద్దాలు కూర్చోబెడుతున్న మనిషికి అది ఎవరూ చెప్పక్కర్లేదు.

అంతకుముందు ఏడాది వానల్లో అన్నయ్యే దాన్ని విప్పాడు. లోపల మసక పట్టిందని మూడు రోజులు బల్ల మీద పరుచుకుని, తుడిచి, మళ్లీ బిగించాడు. నేను చేస్తానంటే, నీవి కళ్లజోళ్లు, ఇవి వేరు అని దగ్గరికి రానివ్వలేదు. బిగించాక కిటికీకి ఎదురుగా పట్టుకుని, కొత్తదానిలా అయిందని పొంగిపోయాడు. అప్పటికే అతనికి కుడి కన్ను లేదు, ఎడమది సగం.

"ఏంటి, పలకవు?" అన్నాడు అన్నయ్య కలం పట్టుకుని.

"చూస్తున్నా" అంది చిట్టి. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. నడుమ బాగుంది. అంచులు మొదట్లో మెత్తగా ఉన్నా మూడో ఫొటో నుంచి తేరుకున్నాయి. అయిదో ఫొటో దగ్గర ఇండస్టార్-61తో సమానం. అంకెలు కూడా చెప్పింది, అనుమానం రాకుండా ఒకచోట తగ్గించి మరీ. అతను రాస్తున్నాడు. రాస్తున్న కొద్దీ అతని ముఖంలో వచ్చిన వెలుగు చూస్తూ ఆమె ఇంకొంచెం పెంచి చెప్పింది.

మర్నాడు అన్నయ్య నడకకు వెళ్లినప్పుడు ఆ లెన్సును తనే సరిచేసేద్దామని కూర్చుంది. ముందు రింగును అతను మరలు కలవకుండా బలవంతాన తిప్పి బిగించాడు, ఇప్పుడది కదల్లేదు. అద్దం మీద సన్నటి గీత, పనిముట్టు జారినట్టుంది. ఇంకాస్త బలం ఉపయోగిస్తే పగిలేలా ఉంది. మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

పుస్తకం రాయడానికి రెండు నెలలు పట్టింది. అతను చెప్పడం, ఆమె రాయడం. చలి తగ్గాక నోటుబుక్కూ, ఫిల్మూ కలిపి కవర్లో పెట్టి ప్రెస్సాయన చేతికిచ్చాడు. పుస్తకంలో వేయడానికి బొమ్మలు ఆయనే ముద్రించాలి. చదివాక ఆ మొండి మనిషి ముఖం ఎలా మారుతుందో చెప్పమని చిట్టితో రెండుసార్లు అన్నాడు.

ఆదివారం పొద్దున పదింటికి ప్రెస్సాయన వచ్చాడు. చేతిలో బొమ్మల కట్ట, నోట్లో నవ్వు. కుర్చీ లాక్కుని కూర్చుంటూనే అందుకున్నాడు.

"ఏమయ్యా, మీ చెల్లెలు ఊరందరికీ కళ్లజోళ్లు చేస్తుంది కదా, తనకొకటి చేసుకోకూడదూ?"

చిట్టి వంటింటి గుమ్మంలో టీ గ్లాసులతో ఆగిపోయింది. ప్రెస్సాయన జూపిటర్ బొమ్మలు బల్ల మీద పరుస్తున్నాడు. ఎడమ పక్కంతా అలుక్కుపోయిందని, ఇరవై ఏళ్లు పుటలు ఫొటో తీసినవాణ్ని, ఇంత వంకర ఎక్కడా చూడలేదని, పుస్తకంలో ఏమో సమానం అని రాసి ఉందని, ఫొటోలు గానీ తారుమారయ్యాయేమోనని అన్నాడు. ఆయనకు ఇదంతా సరదాగానే ఉంది. గెలిచిన మనిషి సరదా.

అన్నయ్య కూడా మొదట నవ్వాడు. "మా చిట్టి కంటికి తిరుగు లేదు. అర మిల్లీమీటరు తేడా కూడా పట్టేస్తుంది. నువ్వే ఎన్‌లార్జరు వంకరగా పెట్టి ఉంటావు."

"మిగతా రెండు లెన్సులవీ అదే ఎన్‌లార్జరులో చేశానయ్యా. అవి నిటారుగా ఉన్నాయే."

అన్నయ్య ఒక బొమ్మ తీసుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, తల పక్కకు వంచి, కంటి అంచు నుంచి చూడబోయాడు. తర్వాత దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. చిట్టి కంటికి తిరుగు లేదు. ఎన్‌లార్జరులో తప్పు లేదు. ఆ రెండూ నిజమైతే మిగిలేది ఒకటే. అతను అక్కడికి చేరుకోవడం చిట్టి గుమ్మంలోంచి చూసింది. పెద్ద గొడవేమీ జరగలేదు. ముఖంలోంచి ఏదో దిగిపోయింది, అంతే.

ప్రెస్సాయనకూ ఏదో తేడా తట్టింది. ఆమె చేతుల్లో గ్లాసులు చూశాడు, అన్నయ్యను చూశాడు, టీ వద్దని, ఇంటి దగ్గర పనుందని లేచాడు. బొమ్మలు అక్కడే వదిలేసి వెళ్లాడు.

చిట్టి గ్లాసులు బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది. లెన్సు గురించి ఎలా చెప్పాలా అని మాటలు కూడగట్టుకుంటోంది. అతను లెన్సు గురించి అడగలేదు.

"డాక్టరు ఏమన్నాడు?"

"ఎప్పుడు?"

"చిట్టీ."

ఆ పిలుపు విన్నాక ఆమె ఇక దాచలేకపోయింది. డాక్టరు మాటలు, ఏడాది, ఏడాదిన్నర, మధ్యలో కనబడకపోవడం, అన్నీ చెప్పింది. చూడాలనుకున్నవేమైనా ఉంటే ఈలోగా చూసెయ్యమన్నాడని కూడా చెప్పింది. ఆ చివరి మాట దాచి ఉంటే బాగుండేదేమోనని చెబుతుండగానే అనిపించింది. కానీ ఇక దాచడానికి ఓపిక లేదు.

అన్నయ్య వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాడు. పదకొండు.

"అప్పుడు నేను పేపరు చదువుకోగలిగేవాణ్ని" అన్నాడు. "బస్సు మీద అంకె కనిపించేది. నీ ముఖం కనిపించేది. మీ వదిన ఫొటోలు కనిపించేవి. ఒక్కసారైనా పెట్టె దించి చూసుకున్నానా? నిలబడుతుందన్నావు కదా, ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను. ఉన్న చూపంతా పెట్టి పేపరు పుటలు ఫొటో తీశాను చిట్టీ. ఏడాదంతా డాబా మీద నిలబడి మబ్బు ఎప్పుడు పోతుందా అని చూశాను."

"నీకు బాధ కలుగుతుందని..."

"బాధ నాది కదా. నాకు ఇచ్చెయ్యాల్సింది."

అతను గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమె ఏడ్చేది, అతను ఊరుకోబెట్టేవాడు, అక్కడితో సర్దుకునేదేమో. ఆమె రేపే సెలవు పెడతానంది, నది దగ్గరికి వెళ్దామంది. మనం వెళ్లి ఏం చేస్తాం అన్నాడు. నేను చూసి చెబుతాను అనబోయి ఆగిపోయింది. ఆ మాట ఇక తన నోట చెల్లదని ఆమెకే తెలిసిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో పెద్దగా మారింది ఏమీ లేదు. వేళకు తిన్నాడు, వేళకు నడకకు వెళ్లాడు. ఆమె అడిగినదానికి జవాబు చెప్పాడు. తను మాత్రం ఏదీ అడగలేదు. పింఛను కాగితం వస్తే పక్కింటావిడ దగ్గరికి తీసుకెళ్లి చదివించుకున్నాడు. మందు సీసా మీద తారీఖును మందుల దుకాణంలో చదివించుకున్నాడు. చిట్టి ఇంట్లోనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండగా, చెప్పులేసుకుని బయటికి వెళ్లి అడిగి వచ్చేవాడు. ఒకరోజు ఆమె ఫిల్ము మళ్లీ కిటికీకి పట్టుకుని జూపిటర్ పన్నెండు ఫొటోలూ ఉన్నవి ఉన్నట్టు చదివి వినిపించింది. ఎడమ అంచు, పాలనీళ్ల మసక, అద్దం మీద గీత, అన్నీ. అతను కళ్లు మూసుకుని విని, సరే అన్నాడు. కలం తీయలేదు. నమ్మాడో లేదో ఆమెకు తెలియలేదు. నమ్మినా నమ్మకపోయినా అతనికి ఒకటేనేమోనన్న భయం మాత్రం పట్టుకుంది.

మూడు లెన్సులూ, కెమెరా ప్రెస్సాయనకు ఇచ్చేశాడు. ప్రెస్సాయన వాటిని పట్టుకుని నేరుగా కళ్లజోళ్ల దుకాణానికి వచ్చాడు. వెనకగది గుమ్మంలో నిలబడి, నాకు తెలిసుంటే నోరు మూసుకునేవాణ్నమ్మా, ఆ బొమ్మలు చించేసేవాణ్ని అన్నాడు. ఆమె మిషను ఆపి, మీరేం చేశారు, మీరు నిజమే చెప్పారు అంది. ఆయన వెళ్లాక సాన మీద పెట్టిన అద్దాన్ని ఒకటికి రెండుసార్లు కొలిచింది. ఆ వారంలో ఆమె బిగించిన జోడు ఒకటి వెనక్కి వచ్చింది.

వదిన ఫొటోల పెట్టె ఒకసారి ఆమే దించింది. చూడమని కాదు, ఊరికే చేతిలో పెట్టాలని. అతను ఒక్కో ఫొటో అంచులు తడిమి, అన్నీ ఒకే సైజు అన్నాడు. ఇందులో వదిన నీలం చీర కట్టుకుంది అన్నయ్యా, నవ్వుతోంది అంది. నవ్వుతోందా అని అతను తనలో తాను అనుకున్నట్టుగా అని, ఫొటో తిరగేసి పెట్టి, మూత వేశాడు. తెలుపు నలుపు ఫొటోలో నీలం ఎలా కనిపించిందని అడగలేదు. చీర రంగు ఆమెకు గుర్తుంది, అంతే. ఆ సంగతి చెప్పుకోవడానికి నోరు రాలేదు.

ఒక పొద్దున అతను చేతికర్ర తీసుకుని నడకకు బయల్దేరాడు. చిట్టి కిటికీ దగ్గర దువ్వుకుంటోంది. బయట చినుకు మొదలైంది. కంటికి ఆనీ ఆనని తుంపర, రోడ్డు ఇంకా పూర్తిగా తడవలేదు.

"వాన పడుతోంది అన్నయ్యా, గొడుగు తీసుకో" అంది.

అన్నయ్య ఆగాడు. కిటికీ దగ్గరికి వచ్చి, ఆమె పక్కనుంచి చెయ్యి బయటికి చాపి, అరచెయ్యి వెల్లకిలా పెట్టుకుని నిలబడ్డాడు. తుంపర చూరు అంచు దాటి లోపలికి రావడం లేదు. కొంతసేపు చూశాడు. అరచేతిని బొటనవేలితో తుడిచి చూసుకున్నాడు. పొడిగానే ఉంది.

గొడుగు తీసుకోకుండానే వెళ్లాడు. చిట్టి దువ్వెన పట్టుకుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. వీధి మలుపు చేరేసరికి అతని చొక్కా భుజాల దగ్గర రంగు మారడం మొదలైంది. అతను వెనక్కి తిరగలేదు.